ఉన్న కారా? చెప్పి చేయించుకున్న కారా?

“సార్! హీరోలు కార్లు కొన్నప్పుడల్లా మీరు ఫోటోలు వేస్తారు, రేట్లు రాస్తారు. ఎలా కొనాలో మాత్రం ఒక్కసారీ రాయరేం?”

రేపల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇలా మొదలైంది. చురక బాగానే తగిలింది! కుర్రాడి వయసు ఇరవై ఆరు. నాన్నగారివి రొయ్యల చెరువులు. వరసగా పంటలు కలిసొచ్చాయి. చిన్నప్పటి నుంచీ గోడమీద అంటించుకున్న బొమ్మలాంటి కారు, రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టుండే స్పోర్ట్స్ కారు, కొనుక్కోమని ఇంట్లో ఒప్పుకున్నారు. చెన్నై షోరూములో ఒకటి తయారుగా ఉంది. తెల్లది. డబ్బు కడితే వారంలో ఇంటికొస్తుంది. ఇతగాడికేమో పసుపు రంగు కావాలి, ఎర్ర దారంతో కుట్టిన నల్ల సీట్లు కావాలి. అలా కావాలంటే ఆర్డరివ్వాలి, విదేశంలో ఫ్యాక్టరీలో తయారై ఓడెక్కి రావాలి, పది నెలలు పడుతుందన్నారట. “తెల్లది తీసుకోమంటారా, ఆర్డరివ్వమంటారా? మీరు చెప్పినట్టే చేస్తాను” అని ముగించాడు.

ఆ ఆఖరి వాక్యం చదివాక నాకు చెమటలు పట్టాయి. కోటికి పైమాట అయిన వస్తువు గురించి, మొన్నమొన్నటిదాకా పాత స్కూటరు తోసుకు తిరిగిన విలేఖరి సలహా చెప్పాలి! కారు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆ కుర్రాడెవరో రేపల్లెలో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది.

ముందు మన సినిమావాళ్ల సంగతి చూద్దాం. మోజు అక్కణ్ణుంచే కదా పుట్టింది.

1964లో వచ్చిన ‘గోల్డ్‌ఫింగర్’ చూసిన వాళ్లెవరూ అందులో జేమ్స్ బాండ్ నడిపిన వెండి రంగు ఆస్టన్ మార్టిన్ డి.బి.5 కారుని మరిచిపోరు. బాండ్ కోసం అచ్చంగా చేయించిన కారనుకుంటాం. కాదండీ! అది కంపెనీ దగ్గర అప్పటికే పడివున్న నమూనా కారు. దాని అసలు రంగు ముదురెరుపు. సినిమా కోసం వెండి రంగు పూసి, తిరిగే నంబరు ప్లేట్లూ, మనిషిని పైకి విసిరే సీటూ తర్వాత అమర్చారు. 1968 నాటి ‘బులిట్’లో స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల మీద ఎగిరించిన ఆకుపచ్చ మస్టాంగ్ కూడా షాపులో అమ్మే రకమే. గెంతులకు తట్టుకునేట్టు కింది భాగాన్ని గట్టి చేశారు, అంతే. ఆ సినిమాకు వాడిన రెండిట్లో ఒకటి, గీతలతో, తుప్పుతో, ఉన్నదున్నట్టుగా 2020 జనవరిలో వేలానికొస్తే 34 లక్షల డాలర్ల దాకా పాట పాడారు. ఇక ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ (1985) లోని డెలోరియన్‌కి రంగు గొడవే లేదు. ఫ్యాక్టరీ నుంచే స్టెయిన్‌లెస్ స్టీలు ఒంటితో వచ్చేది, మన ఇంట్లో గ్లాసుల్లాగా!

అంటే ఏమిటన్నమాట? తెరమీద మనల్ని వెర్రెక్కించిన కార్లు చాలా మట్టుకు ‘ఉన్న’ కార్లే. వాటిని గొప్ప చేసింది నడిపినవాడూ, తీసినవాడూ.

అయితే మన హీరోల దారి వేరు. 2021లో జూనియర్ ఎన్టీఆర్ ఇంటికి లాంబొర్గిని ఉరుస్ గ్రాఫైట్ కాప్స్యూల్ వచ్చింది. రంగూ, అంచులూ, లోపలి హంగులూ ప్రత్యేకంగా తీర్చిన రకం. దాని నంబరు 9999 కోసం హైదరాబాదులో వేలంలో 17 లక్షలు కట్టారు. కారు సంగతెలా ఉన్నా నంబరు మాత్రం మన దేశంలో ఎప్పుడూ ఆర్డరు సరుకే! 2024లో నాగచైతన్య పోర్షే 911 జి.టి.3 ఆర్.ఎస్. తీసుకున్నారు. అలాంటివి షోరూములో తుడిచి పెట్టి, ఎవరొస్తారా అని ఎదురుచూస్తూ ఉండవు. కాగితం మీద ముందుగా రాసుకున్నవాళ్లకే వస్తాయి. పది నెలలు ఆగితే వాళ్లకేమీ లోటు లేదు, గుమ్మంలో ఇంకో నాలుగు కార్లుంటాయి గనక. మన రేపల్లె కుర్రాడికి లేవు.

ఈ ఎంపిక చేసుకునే భాగ్యం కూడా కొత్తదే సుమండీ. మా పెదనాన్న తరానికి ‘స్టాకు’ అన్న మాటే తెలియదు. అంబాసిడరు, ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్, ఇవే మూడు పేర్లు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి కూర్చోవాలి. స్కూటరుకీ అంతే. విదేశీ మారకం తెచ్చి కట్టగల బంధువుంటే వరస దాటొచ్చు. తీరా వచ్చాక ఏ రంగొస్తే ఆ రంగు కళ్లకద్దుకోవాలి. విదేశీ కారే కావాలంటే, దౌత్య కార్యాలయాలవాళ్లు వాడి వదిలేసినవి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి, వాటి కోసం కాచుకోవాలి. మన చిర్రావూరు ఆడపడుచు సావిత్రిగారికి కార్లంటే ఎంత ప్రాణమో ఆమె గురించి రాసిన వాళ్లందరూ రాశారు. ఆ రోజుల్లో ఆ మోజు తీర్చుకోవడానికి డబ్బొక్కటే చాలేది కాదు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించిన దాకా దేశం ఇలాగే నడిచింది.

సరే, ఉత్తరానికొస్తా. కాగితం మీద జవాబు రాయడానికి ధైర్యం చాలక, పనిమీద తెనాలి వెళ్లినవాణ్ణి అక్కడి నుంచి రేపల్లె దాకా వెళ్లొచ్చాను.

తెనాలిలో శిల్పశాలలు చూసే ఉంటారు. ఐతానగర్ వైపో, రైలు కట్ట వైపో ఎక్కడ నిలబడ్డా ఏదో ఒక విగ్రహం చెయ్యెత్తి పలకరిస్తుంది. కాటూరి వెంకటేశ్వరరావు గారూ, వారబ్బాయి రవిచంద్ర గారూ ఇనుప తుక్కుతో, పాత బండ్ల నట్లూ బోల్టులతో విగ్రహాలు చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. 2021లో ప్రధాని మోదీ విగ్రహం 14 అడుగుల ఎత్తున అలా తుక్కుతోనే చేశారు. నేను వెళ్లిన చోట ఒక పనివాణ్ణి అడిగాను, “తయారుగా ఉన్నది కొనేవాళ్లెక్కువా, చెప్పి చేయించుకునేవాళ్లా?” అని. “గాంధీగారు, అంబేద్కర్ గారు, ఆంజనేయస్వామి తయారుగా ఉంటారండి. ఎవరి నాన్న విగ్రహం వాళ్లు చెప్పి చేయించుకోవాల్సిందే. మీసం కాస్త అటూ ఇటూ అయినా తర్వాత దిద్దుతాం. ఎత్తు మాత్రం ముందే చెప్పాలి, పోత పోశాక ఎత్తు పెరగదు” అన్నాడు.

అతని మాట నా బుర్రలో లైటు వెలిగించింది. కారులో మీసమేదీ, ఎత్తేదీ?

రంగు మీసం. నిజం! తెల్ల కారుకి పసుపు ఫిల్ము చుట్టించొచ్చు, పెయింటే మార్పించొచ్చు. అయితే ఆర్.టి.ఓ. ఆఫీసులో చెప్పి ఆర్.సి. పుస్తకంలో కొత్త రంగు రాయించుకోవాలి. సీటు దారం కూడా మీసమే. చక్రాలు, పాటల పెట్టె, ఇవీ అంతే. ఎత్తు ఏమిటయ్యా అంటే, అక్షరాలా ఎత్తే!

స్పోర్ట్స్ కారు కడుపుకీ నేలకీ మధ్య జాగా మామూలుగా 11, 12 సెంటీమీటర్లు. మన రోడ్ల కాంగ్రెసు వాళ్ల లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తున, గుండ్రంగా, చేప వీపులా ఉండాలి. అలా ఉంటే ఊపిరి బిగబట్టి ఎలాగో దాటొచ్చు. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె దాకా మిత్రుడి కారులో వెళ్తూ బ్రేకర్లు లెక్కపెడదామని కాగితం తీశాను. వేమూరు దాటేసరికే లెక్క తప్పింది. ఒక ఊళ్లో బ్రేకరు వెడల్పు నా చెప్పుకన్నా రెండు చెప్పులెక్కువ, అంతే. ఎత్తు మాత్రం చీలమండ దాటింది. ఎవరింటి ముందు వారు సిమెంటు పోసుకున్న బాపతు. తప్పు వాళ్లదీ కాదు, పిల్లలాడుకునే వీధి, లారీలు ఆగవు. కానీ ఆ కారు ముక్కు దాని మీదుగా వెళ్లదు. వెళితే ముక్కు అక్కడుంటుంది, కారు ఇంటికొస్తుంది.

దీనికి ఫ్యాక్టరీవాళ్లే ఒక మందు పెడతారు. మీట నొక్కితే కారు ముందు భాగం దాదాపు 4 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. నెమ్మదిగా పోతున్నంతసేపూ అలాగే ఉండి, వేగం పెరిగితే దిగిపోతుంది. పోర్షే 911కి ఇది ఉంది, డబ్బు కట్టి అడిగితేనే. అమెరికా వాళ్ల కార్వెట్‌లో అయితే ఎక్కడెక్కడ లేవాలో కారే గుర్తుపెట్టుకుంటుందట, ఉపగ్రహం సాయంతో, వెయ్యి చోట్ల దాకా! తెనాలి–రేపల్లె రోడ్డుకి ఆ వెయ్యీ చాలతాయా అని మా మిత్రుడి అనుమానం.

అసలు సంగతి ఇదీ. ఈ ముక్కెత్తే ఏర్పాటు కారు తయారయ్యేటప్పుడే పెట్టాలి. ఫ్యాక్టరీలో పెట్టనిది మళ్లీ రాదు. బయట కిట్లు దొరుకుతాయి, నిజమే. అవి బిగిస్తే వారంటీ వాళ్లు ఒకవైపు, ఇన్సూరెన్సు వాళ్లు ఒకవైపు తల అడ్డంగా ఊపుతారు. పైగా కంపెనీ ఇచ్చిన రూపానికీ కొలతలకీ విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

ఈ కోర్టు మాటకీ బాపట్ల ఉత్తరానికీ సంబంధముంది. అక్కడ ఇంజనీరింగు చదివే అబ్బాయి రాశాడు. “మాకు కార్లెక్కడ సార్, బైకుకే అప్పు చేశాం. షోరూములో ఉన్నది తీసుకుని, నాకు కావలసినట్టు సైలెన్సరు మార్పించుకున్నా. సూర్యలంక బీచికి వెళ్తుంటే పోలీసులు ఆపారు.” జరిమానా కట్టి, సైలెన్సరు వాళ్లకే అప్పగించి, పాతది మళ్లీ బిగించుకున్నాడట. తమ్ముడూ, పోలీసువాళ్లు అలాంటి సైలెన్సర్లని రోడ్డు రోలరు కింద తొక్కించే ఫోటోలు పేపర్లో చూడలేదూ? ‘ఇప్పుడున్నది కొనేసి తర్వాత మార్చుకుందాం’ అనుకునేవాడు, తర్వాత మార్చుకోనిచ్చేవేవో, ఇవ్వనివేవో ముందే తెలుసుకోవాలి. కంపెనీవాళ్లు పెట్టిచ్చే వస్తువులుంటాయి, కొనేటప్పుడే అడిగి పెట్టించుకుంటే బిల్లులోకి ఎక్కుతాయి. ఎవరూ ఆపరు.

మళ్లీ రేపల్లె. చెరువు గట్టు మీద ఏరేటర్లు తిరుగుతున్నాయి. కుర్రాడు ఫోనులో కారు బొమ్మలు చూపిస్తున్నాడు. పెద్దాయన లుంగీ మడిచి కట్టి పక్కన నిలబడి, చివరికి నోరు విప్పాడు.

“బాబూ, మీరు చదువుకున్నోళ్లు. పది నెలలంటే మాకు రెండు పంటలు దాటి మూడోది. ఈ పంట డబ్బు చేతిలో ఉంది. మూడో పంటకి ఏముంటదో నాకు తెలవదు. మీకు తెలుసా?”

నాకేం తెలుసు! వనామీ రొయ్య పంట మూడు నాలుగు నెలలు. తెల్లమచ్చ తగిలితే ఆ నాలుగు నెలలు నాలుగు రోజుల్లో పోతాయి. అంతా బాగుండి కౌంటు బాగా వచ్చినా ధర మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఈ గట్ల మీద నిద్రపోయినవాడు లేడు. అలాంటి డబ్బుతో పది నెలల తర్వాతి కారుకి సంతకం పెట్టడమంటే, పది నెలల తర్వాతి చెరువు మీద కూడా పందెం కాసినట్టే.

పైగా ఆర్డరు ఫారం వెనక చిన్న అక్షరాలు చదివారా? డెలివరీ రోజున ఏ ధర ఉంటే ఆ ధర అని రాసి ఉంటుంది. యూరో పెరిగినా, పన్ను పెరిగినా భారం మనదే. అదనంగా కోరుకునే ప్రతి హంగు మీదా దిగుమతి సుంకం, ఆపైన జి.ఎస్.టి., ఆపైన లైఫ్ టాక్సు ఎక్కి కూర్చుంటాయి. ఎర్ర దారం ఫ్యాక్టరీ దగ్గర ఒక ధర, రేపల్లె చేరేసరికి దాని రెట్టింపు దాటిన ధర! కాదనుకుంటే అడ్వాన్సులో ఎంత తిరిగొస్తుందో కూడా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. నాకూ ఒకసారి అయింది లెండి. స్కూటరు నీలం రంగు కావాలని ఒక షోరూములో డబ్బు కట్టి నాలుగు నెలలు తిరిగితే, బూడిద రంగుది చేతిలో పెట్టి, “ఎండలో నీలంగానే కనిపిస్తుంది సార్” అన్నారు. ఎండలో నుంచునే చూశాను. బూడిదే.

అలాగని పెద్దాయన మాటకి వెంటనే తలూపలేదు. తయారుగా ఉన్న కారుకీ దాని రోగాలుంటాయి. అది షోరూములో ఎన్నాళ్లుగా ఉంది? అమ్మకం సర్టిఫికెట్టు, ఫారం 21 అంటారు, దాంట్లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఈ ఏడాది కొన్నా నిరుటి కారైతే రేపు అమ్మేటప్పుడు నిరుటి ధరే. అందుకే అలాంటిదానికి తగ్గింపు గట్టిగా అడగాలి, మొహమాటపడకూడదు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైన టైరు. కదలకుండా నిలబడ్డ కారుకి టైరూ బ్యాటరీ ముందు ముసలివైపోతాయి. మీటరులో కిలోమీటర్లెన్ని? వచ్చిన ప్రతివాడికీ తిప్పి చూపించిన బండి కాదు కదా? ఇవన్నీ అడిగితే సేల్సు కుర్రాడి నవ్వు తగ్గుతుంది. తగ్గనీ.

ఇంకో రకం ఉంది, ఉన్నదీ కాదు, చేయించుకునేదీ కాదు. 2025 అక్టోబరులో స్కోడా వాళ్లు ఆక్టేవియా ఆర్.ఎస్. అని దేశం మొత్తానికి 100 కార్లు తెచ్చారు. ధర చెప్పకముందే అన్నీ బుక్కయిపోయాయి. మొదటి రోజు మొదటి ఆట టికెట్టు లాంటిదన్నమాట. మన కుర్రకారుకి ఆ క్యూ సంగతి నేను చెప్పక్కర్లేదు.

చెరువు గట్టు మీద నేను చెప్పింది ఇంతే. “అబ్బీ, పసుపు సంగతి పక్కన పెట్టు. చెన్నై వాళ్లకి ఫోన్ చేసి ఒక్కటే అడుగు. ఆ తెల్లదానికి ముక్కు లేస్తుందా? లేస్తే మీ నాన్న మాటే నా మాట, పంట డబ్బుతో తెచ్చుకో, రంగు తర్వాత చూసుకోవచ్చు. లేవదంటే ఎంత తగ్గించినా వద్దు. మీ వీధి చివర బ్రేకరు కూడా దాటదు. అప్పుడు ఆర్డరే దారి. కానీ అడ్వాన్సు మాత్రం పోయినా నిద్రపట్టేంతే కట్టు. మిగతాది మూడో పంట చూసుకుని.”

పిల్లవాడు అక్కడే ఫోను కలిపాడు. అటు నుంచి సేల్సు కుర్రాడు పావుగంట చూసి చెప్పాడు, లేవదట.

మొహం వాడిపోయింది. నేను తిరిగొచ్చేశాను. ఈ కాలమ్ సగం రాసి పెట్టుకున్నాక, నిన్న రాత్రి మళ్లీ ఫోను.

“అన్నా, మీరు చెప్పినట్టు మళ్లీ మళ్లీ అడిగితే ఇంకోటి బయటపెట్టారు. ఎవరో ఆర్డరిచ్చి, తర్వాత వద్దనుకున్న కారు. ఓడలో వస్తోంది. ఐదు వారాల్లో చెన్నై చేరుతుందట.”

ఇలాంటివి కూడా ఉంటాయని నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఎవరో మోజుపడి చేయించుకున్నది, ఇంకొకరికి స్టాకై దొరుకుతుంది. ఒక్కోసారి ఫ్యాక్టరీలో ఇంకా పని మొదలుకాని వాటికైతే రంగు కూడా మార్చనిస్తారు. ఇది ఓడెక్కింది కాబట్టి ఆ ఆశ లేదు.

“ముక్కు లేస్తుందా?” అన్నాను.

“లేస్తదన్నా. కానీ రంగే...”

“ఏమిటి?”

“ఆకుపచ్చ. అదీ చిలకాకుపచ్చ కాదు, అదోలాంటి మురికి పచ్చ. సీట్లు బెల్లం రంగు. నేనెప్పుడూ అనుకోలేదు అలాంటిది.”

“నాన్నగారికి చూపించావా?”

“చూపించా.” కాసేపు ఆగాడు. “ఫోను దగ్గర పెట్టుకుని చూసి, ‘మన చెరువు రంగేగా. రమ్మను’ అన్నాడు.”